తొట్టి గట్టు మీద

ఇంక లేవాలి అనుకున్నాడు గిస్సుర్. అనుకుని, లేవాల్సింది పోయి ఇంకాస్త కిందికి జారాడు, గడ్డం దాకా నీళ్ళొచ్చేట్టు. లేచాడంటే అయిపోయినట్టే. రేపు లేదు, ఎల్లుండి లేదు, బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఈతకొలను పక్కనున్న ఈ వేడినీళ్ళ తొట్టిలో దిగేది లేదు. డాక్టరమ్మ నిన్న మధ్యాహ్నం అంత విడమరిచి చెప్పాక ఇవాళ అసలు ఇక్కడికి రావడమే తప్పు. చివరిసారి, ఒక్క ఐదు నిమిషాలు అని తనకి తనే ఒట్టు పెట్టుకుని దిగాడు, ఆ ఐదు నిమిషాలు ఎప్పుడో ఆవిరిలో కలిసిపోయాయి. పైన ఇంకా చీకటి. జనవరిలో పొద్దున్న అంటే పేరుకే పొద్దున్న, ఆఫీసులకి వెళ్ళినవాళ్ళు రెండు కాఫీలు తాగితే గాని సూర్యుడికి రెక్యావిక్ అనే ఊరొకటుందని గుర్తు రాదు. స్తంభాల దీపాల వెలుగులో ఆవిరి పైకి లేస్తోంది, మంచు కిందికి రాలుతోంది, రెండూ సరిగ్గా తన తల దగ్గర కలుసుకుంటున్నాయి. ఉన్న నాలుగు వెంట్రుకలూ గడ్డకట్టి నిక్కబొడుచుకున్నాయి. మెడ నుంచి కింద మాత్రం ఈ దేశంలో ఏ జూలై నెలా ఎరగనంత వేసవి. ఎవడు లేస్తాడు దీంట్లోంచి?

గుండెకి తలుపులుంటాయట, వాటిలో ఒకటి బిగుసుకుపోయిందట, సరిగ్గా తెరుచుకోవడం లేదట. మనవరాలి ఈడు డాక్టరు పిల్ల కంప్యూటర్ తెర మీద ఆ తలుపు రెపరెపలాడుతుంటే చూపించి చెప్పింది. ముప్పై ఏళ్ళపాటు మంచు తోసే బండి నడిపి, కొండమీద మూసుకుపోయిన దారులన్నీ తెరిచినవాడు తను, తీరా చూస్తే సొంత ఒంట్లో ఒక తలుపు బిగుసుకుపోయింది. నవ్వొచ్చింది గానీ ఆ పిల్ల నవ్వలేదు, అందుకని తనూ మానేశాడు. మూత్రపిండాల సంగతీ వయసూ చూసి ఆపరేషన్ మాట పక్కన పెట్టారు, మందులు మార్చారు. మంచం మీంచైనా కుర్చీలోంచైనా ఒక్కసారిగా లేవకూడదట, ముందు అంచున కూర్చుని, ఇరవై లెక్కపెట్టి, అప్పుడు లేవాలట. సరే, లెక్కపెడతాను, ఇరవై దాకా వచ్చు నాకు. ఆ తరవాత, చివర్లో, చేతులు కడుక్కుంటూ, వేడినీళ్ళ తొట్టి మాత్రం ఇక వద్దని చెప్పింది. నీళ్ళ వేడికి రక్తపోటు పడిపోతుందట, లేచిన మనిషి లేచినట్టే కూలిపోతాడట. ఇంకో రెండేళ్ళో మూడేళ్ళో బాగా బతకొచ్చు, ఇది మానితే. తన మొహం చూసి జాలేసిందేమో, కావాలంటే మోకాళ్ళ దాకా పర్వాలేదంది. మోకాళ్ళ దాకా! భోజనం చెయ్యొద్దు గానీ పళ్ళెం నాకొచ్చు అన్నట్టు. ఆ మాటకి మాత్రం నిజంగా ఒళ్ళు మండింది.

పక్కన ఫిన్‌బోగి కొత్త వంతెన గురించి మాట్లాడుతున్నాడు. చేపల వేలంలో పాట పాడి పాడి రిటైరైన గొంతు అది, తొట్టిలో ఆరుగురున్నా అరవైమందికి వినబడేట్టే మాట్లాడుతుంది. రెండేళ్ళలో వంతెన అయిపోతుందని నగరసభవాళ్ళు అన్నారట, తన మనవడికి పుట్టబోయే మనవడు దాని మీద నడిస్తే అదే గొప్పట. జుట్టు కత్తిరించే రాగ్న, దుకాణం తెరిచే ముందు రోజూ ఒక మునక వేసిపోయే మనిషి, వంతెన సంగతి సరే ముందు నా వీధిలో మంచు ఎవడు తీస్తాడో చెప్పమంటోంది. మామూలుగా అయితే ఇక్కడ గిస్సుర్ అందుకోవాలి. మంచు విషయంలో తీర్పు చెప్పాల్సింది తనే, పాతికేళ్ళుగా ఈ తొట్టిలో ఆ పదవి తనది. ఊఁ అన్నాడు. ఫిన్‌బోగి ఇటు తిరిగి, "ఏమోయ్, ఇవాళ నీ నోరు కూడా గడ్డకట్టిందా?" అని మళ్ళీ వంతెన మీదకి వెళ్ళిపోయాడు. అంతే, అంతకంటే అడగరు. తొట్టికి ఒక మర్యాద ఉంది. దిగేముందు నియమం ప్రకారం మగవాళ్ళు ఒక గదిలో, ఆడవాళ్ళు ఒక గదిలో, ఒంటి మీద గుడ్డ లేకుండా పక్కపక్కన నించుని స్నానం చేసి వచ్చినవాళ్ళు, ఒకరి మచ్చలు ఒకరికి తెలిసినవాళ్ళు, ప్రభుత్వాన్నీ వాతావరణాన్నీ బంగాళదుంపల ధరనీ చీల్చి చెండాడేవాళ్ళు, కానీ ఎదుటివాడు తనంతట తను చెప్పని సంగతి ఒక్కటీ అడగరు. ఆ మూల కూర్చునే ఓగ్మన్, మంచి మనిషి, పోయాక పేపర్లో అతని గురించి రాసినవి చదివితే గాని తెలియలేదు వాళ్ళకి, అతను చర్చిలో ఆర్గన్ వాయించేవాడని. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని ఆ వేళ్ళు నీళ్ళ మీద అలా ఆడుతుంటే చలికేమో అనుకున్నారు. మరి ఇప్పుడు ఆ మర్యాదని పట్టుకుని ఫిన్‌బోగితో ఏమని చెప్పడం? ఒరే, నేనింక రాను అనా? ఎందుకని వాడు అడగడు. రేపు రాకపోతే రెండో రోజు అనుకుంటారు, మూడో రోజు రాగ్న తలుపు వైపు చూస్తుంది, ఆపైన ఒకరోజు ఫిన్‌బోగి పేపర్లో పోయినవాళ్ళ పేజీ తిరగేస్తాడు.

లేవాలి. గుండె గొంతులో కొట్టుకుంటోంది, కాస్త కొట్టుకుని ఒక దెబ్బ మింగేస్తోంది, మళ్ళీ మొదలెడుతోంది. లేవాలంటే మెట్లు ఎదురుగానే ఉన్నాయి, మూడే మెట్లు, ఇనప కమ్మీ, దాని మీద మంచు. కమ్మీ మీద చెయ్యేస్తే చురుక్కుమంటుంది, ఆ చురుకు కూడా తనకిష్టమే. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు గానీ ఇక్కడ తనకి అన్నిటికంటే ఇష్టమైంది తొట్టి కాదు, తలుపు నుంచి తొట్టి దాకా ఉన్న ఆ కాస్త దూరం. స్నానాల గది తలుపు తొయ్యగానే తడి ఒంటి మీద గాలి చాచి కొడుతుంది, కాళ్ళ కింద గడ్డకట్టిన సిమెంటు కొరుకుతుంది, పరిగెత్తకూడదు, జారితే అంతే సంగతులు, పరిగెత్తకుండా ఉండలేరు, పళ్ళు కరుచుకుని బాతులా అడుగులేస్తూ వస్తే ఎదురుగా నల్లటి చీకట్లో ఆవిరి కక్కుతూ తొట్టి. మొదటి కాలు దిగగానే కాలివేళ్ళకి అది వేడో చలో తెలియదు. రెండో కాలికి తెలుస్తుంది. అప్పుడు లోపల్నుంచి ఒక మూలుగు వస్తుంది, ఏ మగాడూ ఇంట్లో పెళ్ళాం ముందు కూడా తియ్యని మూలుగు, ఇక్కడ అందరి ముందూ నిస్సిగ్గుగా తీస్తాడు. రోజూ అదే, అయినా రోజూ కొత్తే. ఎవరైనా అడిగి ఉంటే, గిస్సుర్, జీవితంలో నీకు సంతోషం కలిగించిందేమిటి అని, పిల్లలు పుట్టడం అనీ పెళ్ళి అనీ చెప్పేవాడే, అందరూ అవే చెప్తారు, అబద్ధమూ కాదు. కానీ అవి ఒకసారే వచ్చాయి. ఇది మాత్రం రోజూ పొద్దున్నే వచ్చేది.

అమ్మకి అలాంటిది సూర్యుడు. వాళ్ళ పల్లె రెండు కొండల మధ్య ఇరుక్కుని ఉండేది, నవంబరులో పోయిన ఎండ జనవరి చివరికి గాని వచ్చేది కాదు, ఆ రెండు నెలలూ పెట్టెలో పెట్టి మూతేసినట్టుండేది. తిరిగొచ్చే రోజు అమ్మ పొద్దున్నుంచీ అట్లు పోసేది, పల్చగా, చక్కెర చల్లి చుట్టి, గుట్టలు గుట్టలుగా. ఒక్క అట్టు ముట్టుకోనిచ్చేది కాదు. ముందు ఎదురింటి గోడ మీద పడాలి, తరవాత దారి దాటాలి, తరవాత తమ కిటికీ, అప్పుడు, ఎండ వంటింటి బల్ల మీద అరచెయ్యంత పడిందాకా ఆగి, అప్పుడు కాఫీ పోసేది. కొన్నేళ్ళు ఆ రోజున మబ్బు పట్టేది. మబ్బు పడితే అట్లు మర్నాటికి. నాన్న గొణిగేవాడు, చల్లారిన అట్లు ఎవడు తింటాడే అని. అమ్మ మాత్రం కిటికీ దగ్గర నించుని కొండ వైపు చూస్తూ, అదిగో, వెనక ఉంది, ఉందిలే అనేది. అమ్మ ఆ రెండు నెలలు ఎలా బతికిందో తనెప్పుడూ అడగలేదు. ఎవరూ అడగరు. తర్వాత తను పట్నం వచ్చి మంచు బండి ఎక్కాక ఒక ఏడాది కొండమీది దారిలో ఇరుక్కుపోయాడు, తుపాను, ముందుకీ వెనక్కీ మంచు గోడ, దారి పక్కన పాతిన గుర్తు కర్రలు కూడా కనబడనంత తెలుపు, రేడియోలో ఆగు, కదలకు అన్నారు. ఆ క్యాబిన్‌లో కూర్చుని భార్య హెర్దీస్ పెట్టిచ్చిన ఫ్లాస్కు మూత తిప్పాడు. ఆ మూత తిప్పిన చప్పుడు, దాంతో పాటు కాఫీ వాసన, కాగితంలో చుట్టిన రెండు ఎండుచేప ముక్కలు, వాటి మీద దట్టంగా వెన్న. చచ్చిపోతానేమో అని భయపడుతూనే ఎంత సుఖంగా ఉన్నాడో! తెల్లారి తవ్వి తీసినవాళ్ళు, భయమేసిందా అని అడిగితే వేసింది అన్నాడు. రెండోది చెప్పలేదు, పిచ్చోడనుకుంటారని.

హెర్దీస్‌కీ చెప్పలేదు, నిన్న. డాక్టరేమంది అంది, మందులు మార్చింది అన్నాడు. అబద్ధమేం కాదు కదా. ఆమె అల్లిక పక్కన పెట్టి కళ్ళజోడు పైనుంచి చూసింది, ఇంకేమైనా వస్తుందేమో అని కాసేపు ఆగింది, రాలేదు, మళ్ళీ అల్లిక తీసుకుంది. పడుకునే ముందు ఎప్పటిలాగే గిస్సుర్ తువ్వాలు తీసుకెళ్ళి ఇల్లు వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టం మీద ఆరేసింది, పొద్దున్నకి వెచ్చగా ఉంటుందని. పెళ్ళైన దగ్గర్నుంచీ అదే పని, ఒక మాట లేదు మంతి లేదు, తువ్వాలు వెచ్చగా ఉంటుంది. దాన్ని చుట్టి సంచీలో పెట్టుకుని ఇందాక చీకట్లో బయటికి వస్తూ తను దొంగలా మునివేళ్ళ మీద నడిచాడు. చెప్తే ఏమవుతుంది? ఏడవదు, అరవదు, అది అలాంటి మనిషి కాదు. రాత్రి ఆ తువ్వాలు గొట్టం మీద వెయ్యదు, అంతే. గోడకి ఆ గొట్టం ఖాళీగా ఉంటుంది. అదే చూడలేడు. అంతకంటే ఈ నీళ్ళలో పోవడం నయం, వెచ్చగా, ఫిన్‌బోగి వంతెన కడుతుండగా. అలా అనుకున్నందుకు తనకే సిగ్గేసింది. పాపం ఫిన్‌బోగి, వాడు ఆ తరవాత ఏ నీళ్ళలో దిగుతాడు?

రాగ్న లేచి వెళ్ళిపోయింది, భుజాల మీంచి ఆవిరి పొగలా లేస్తుండగా. ఆమె వెళ్ళిన ఖాళీలోంచి అవతలి గట్టు కనబడింది, మెట్ల పక్కనే గట్టు మీద సాల్వోర్. డెబ్భై దాటి ఉంటాయి, పడమటి సముద్రం వైపు మనిషని యాస చెప్తుంది. రెండు చలికాలాలుగా ఈ కొలనుకి వస్తోంది, ఒక్కసారైనా తొట్టిలో దిగిన పాపాన పోలేదు. ఈతదుస్తుల మీద మందపాటి బూడిదరంగు ఉన్ని స్వెటర్, చెవులదాకా ఉన్ని టోపీ, కింద మడతపెట్టిన తువ్వాలు, మోకాళ్ళ దాకా నీళ్ళు. మంచు కురిసినా అలాగే, గాలి పీకేసినా అలాగే. కొలను కాపలావాడు స్వెటర్ వేసుకోకూడదని ఒకసారి చెప్పి చూశాడు, ఆమె చూసిన చూపుకి మళ్ళీ ఆ వైపు రాలేదు. ఎండుచేప అని పేరు పెట్టాడు ఫిన్‌బోగి, గాలికి ఆరేసినట్టు ఉంటుందని, అందరికంటే గట్టిగా నవ్వింది గిస్సుర్. ఎందుకు దిగదన్న దాని మీద తొట్టిలో ఎన్ని సిద్ధాంతాలో! పొగరని ఒకరు, పడమటివాళ్ళకి పట్నం నీళ్ళు ఆనవని ఒకరు, వాళ్ళ నాన్న సముద్రంలో పోయి ఉంటాడు, నీళ్ళంటే భయమని ఒకరు. అవన్నీ ఆమె లేనప్పుడు. ఆమె ఉండగా మాత్రం వాతావరణం, వంతెన. అడగరు కదా.

ఆమె ఇవాళ వంతెన వినడం లేదు. తన వైపే చూస్తోంది. ఎంతసేపటి నుంచో. గిస్సుర్ మెడ పక్కన పెట్టుకున్న రెండు వేళ్ళు చప్పున తీసేశాడు, నాడి చూసుకుంటున్నట్టు తనకే తెలియలేదు. ఏం చూస్తుంది ఈవిడ? ఇంక చాలు, లేవాలి. లేచి, సరే మరి అనాలి, రోజూ అనే మాటే, సరే మరి అని నడుచుకుంటూ వెళ్ళిపోవాలి, వెనక్కి చూడకూడదు, బయట ఫ్లాస్కులో అందరికీ పెట్టే కాఫీ ఒక గ్లాసు తాగి బస్సెక్కాలి. లేదా ఇంకో దారుంది, ఊరికి అటు చివర ఇంకో కొలనుంది, అక్కడ ఎవరికీ తను తెలియదు. అక్కడ ఏం చేస్తాడు? కాఫీ తాగుతాడా? ఒకటి, రెండు, మూడు అనుకుని కాళ్ళు కూడదీసుకుని లేవబోయాడు. భుజాలు నీళ్ళు దాటాయో లేదో దీపాలన్నీ కలిసి ఒకటే దీపం అయ్యాయి, ఫిన్‌బోగి గొంతు గొట్టంలోంచి వస్తున్నట్టు దూరమైపోయింది. మళ్ళీ కూలబడ్డాడు. ఫిన్‌బోగి చూడలేదు, లేదా చూసి మర్యాదకి చూడనట్టున్నాడు. ఇరుక్కుపోయాను, అనుకున్నాడు గిస్సుర్. ఇందులో ఉండలేను, లేవలేను, నన్ను లేపరా అని నోరు తెరిచి అడగలేను. కొండ మీద రేడియో అయినా ఉండేది.

"ఒక్కసారిగా లేవకు," అంది గట్టు మీంచి సాల్వోర్, వంతెన గురించి మాట్లాడుతున్నంత మామూలుగా. "ముందు మెట్టు అంచున కూర్చో. ఇరవై లెక్కపెట్టు. అప్పుడు లే."

ఆ మాటలు తనెక్కడ విన్నాడు? ఎక్కడ విన్నాడో తెలుస్తూనే ఉంది, కానీ వాటిని పట్టుకుని ఆమె మోకాళ్ళ దాకా రావడానికి తన బుర్రకి కాస్త సమయం పట్టింది. మోకాళ్ళ దాకా పర్వాలేదు. మోకాళ్ళ దాకా. రెండు చలికాలాలు, మంచులో, స్వెటర్ వేసుకుని, పళ్ళెం నాకుతూ. గిస్సుర్ మెట్టు దగ్గరికి జరిగాడు, పిరుదులు పైమెట్టు మీదకి ఎక్కించాడు, చలి వీపు మీద ఛెళ్ళున చరిచింది. లెక్కపెట్టాడు. పదకొండు దగ్గర దీపాలు మళ్ళీ వేరువేరు దీపాలయ్యాయి. ఇరవై దగ్గర చూస్తే ఒక చెయ్యి ఉంది ఎదురుగా, ఎముకలు తేలిన ముసలి చెయ్యి, స్వెటర్ మణికట్టు దగ్గర తడిసి ఉంది. పట్టుకున్నాడు. ఆమె తనని బయటికి లాగలేదు. పక్కకి జరిగి, తను కూర్చున్న తువ్వాలు మడత విప్పి సగం ఇటు పరిచింది. గిస్సుర్ దాని మీద కూలబడి కాళ్ళు మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు, మోకాళ్ళ దాకా.

ఫిన్‌బోగి మాట ఆగిపోయింది. తొట్టిలో మిగిలినవాళ్ళంతా ఆవిరిలోంచి ఇటే చూస్తున్నారు. ఫిన్‌బోగి మొహంలో ఏదో వచ్చింది, గిస్సుర్ ఇంతకు ముందెప్పుడూ అక్కడ చూడనిది, అడగబోయి అడగలేని మనిషి మొహం. చివరికి వాడికి చేతనైందే వాడు చేశాడు.

"ఇవాళ్టి నుంచి రెండు చేపలు ఎండేశారన్నమాట," అన్నాడు. అని, నవ్వకుండా, తను రోజూ కూర్చునే చోటు వదిలి లేచొచ్చి గిస్సుర్ కాళ్ళ పక్కనే, గట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ తరవాత వంతెన ఎక్కడిదాకా వచ్చిందో వెతుక్కుని మళ్ళీ మొదలెట్టాడు, మునుపటికంటే మెల్లగా.

పైన ఒళ్ళంతా వణికిపోతోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి, పాదాలు మాత్రం ఎక్కడో ఇంకో మనిషివి అయినట్టు హాయిగా ఉన్నాయి. వేళ్ళు కదిపి చూసుకున్నాడు. ఇంత కాస్త సుఖం కోసమా అనిపించింది, ఇంత కాస్తయినా వదలబుద్ధి కాలేదు. సాల్వోర్ వంతెన వింటున్నట్టే ముందుకి చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది. మా పాత కొలనులో నలభై ఏళ్ళ స్నేహాలు నాకు, అంది. డాక్టరు చెప్పిన రోజున ఎవరికీ చెప్పలేక మానేశాను. నా గురించి పేపర్లో ఏదైనా పడిందేమోనని చూసి ఉంటారు, పాపం. ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాను, ఆ తరవాత ఎవరికీ తెలియని కొలను వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాను. గిస్సుర్‌ చూపు తడిసిన ఆమె స్వెటర్ చేతి మీద పడింది. క్షమించమని అడగాలా, ఆ పేరుకి నవ్వినందుకు? ఆమెకి ఆ పేరు తెలుసా? తెలిసే ఉంటుంది, నీళ్ళ మీద మాట ఎంత దూరమైనా పోతుంది.

"మొదటివారం చలి చంపేస్తుంది," అంది సాల్వోర్.

"తరవాత?"

"తరవాతా చంపేస్తుంది." ఆమె తన టోపీ తీసి గిస్సుర్ తల మీద పెట్టి చెవుల దాకా లాగింది, లోపల ఇంకా వెచ్చగా ఉంది. "రేపొచ్చేప్పుడు స్వెటర్ తెచ్చుకో."

రేపు. ఉంది ఒక స్వెటర్, నల్లదీ తెల్లదీ కలిపి అల్లింది, మంచు బండి రోజుల్లో వేసుకునేది, మోచేతుల దగ్గర రెండుసార్లు మాట్లు పడ్డాయి. పైగది పెట్టెలో ఉందో, పడమటి గది అలమరలో ఉందో, చిమ్మెటలు పట్టకుండా ఎక్కడ దాచిందో హెర్దీస్‌కి తప్ప తెలియదు. అడగాలి. అడిగితే, ఇంట్లో కూర్చునేవాడివి నీకిప్పుడది ఎందుకంటుంది, అల్లిక పక్కన పెట్టి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ ఆగుతుంది. ఈసారి చెప్తాడు. చెప్పి, తువ్వాలు మాత్రం మానకు, గట్టు మీద వేసుకోవడానికి కావాలి అంటాడు.